ఇస్సాకు అడిగిన వంటకం: ‘రుచిగల భోజ్యములు’

సందేహం: ఆదికాండం 27వ అధ్యాయంలో, చూపు మందగించిన ఇస్సాకు పెద్దకొడుకు ఏశావును పిలిచి, వేటాడి తెచ్చిన మాంసంతో తనకు ఇష్టమైన ‘రుచిగల భోజ్యములను’ సిద్ధపరచి తెమ్మంటాడు. ఇంగ్లీషు బైబిలులో ఇక్కడ ‘సేవరీ’ అని ఉంది. నిఘంటువు తీసి చూస్తే ఆ మాటకు ‘తీపి కానిది, ఉప్పూ కారం గలది’ అనే అర్థం కనిపించింది. మరి మన అనువాదం సరిపోయినట్టేనా? మూలంలో ఉన్న హీబ్రూ మాటకు అసలు అర్థం ఏమిటి? (ఒక పాఠకురాలు, నరసరావుపేట)

సమాధానం: మన అనువాదం సరిపోయింది. మిమ్మల్ని తప్పుదారి పట్టించింది నిఘంటువే.

మూలంలోని మాట ‘మత్‌అమ్మీమ్’. ఇది బహువచనం. రుచి చూడడం అనే అర్థం గల ‘త-అ-మ’ ధాతువుకు ముందు ‘మ’కారం చేరి ఏర్పడిన నామవాచకం. ఈ ధాతువుకు తీపి, కారం అనే పట్టింపు లేదని చెప్పడానికి బైబిలులోనే సాక్ష్యాలున్నాయి. మొదటి సమూయేలు 14వ అధ్యాయంలో యోనాతాను కర్ర కొనతో కొంచెం తేనె రుచి చూశానని ఒప్పుకొనేటప్పుడు వాడిన క్రియ ఇదే. అరణ్యంలో కురిసిన మన్నా అనే ఆహారం రుచిని తేనె కలిపిన అపూపాలతో పోల్చినప్పుడు, ఆ ‘రుచి’కి వాడిన మాట ‘తఅమ్’. తేనెకు కూడా చెల్లే ధాతువునుంచి పుట్టిన పదానికి ‘తీపి కానిది’ అనే అర్థం అంటగట్టడం కుదరదు. తీపి పదార్థాలను ప్రత్యేకించి చెప్పవలసి వస్తే హీబ్రూలో ‘మమ్తక్కీమ్’ అనే వేరే మాట ఉండనే ఉంది.

ఇంగ్లీషు మాట సంగతి కూడా చెప్పుకోవాలి. 1611నాటి ఇంగ్లీషు బైబిలు అనువాదకులకు ‘సేవరీ’ అంటే మంచి రుచి గలది అనే అర్థం. లాటిన్‌లో రుచిని తెలిపే ‘సపోర్’ దానికి మూలం. భోజనాన్ని తీపి వంటలు, తీపి కానివి అని రెండుగా విడదీసి, రెండోవాటికి ఈ పేరు స్థిరపరచడం తరువాతి కాలపు అలవాటు. ఆ అనువాదంలో దాని పక్కనే ఉన్న ‘మీట్’ అనే మాటకు కూడా అప్పట్లో ఆహారమనే అర్థం ఉండేది. నేటి నిఘంటువు పట్టుకొని 400 ఏళ్ల నాటి వాక్యాన్ని చదివితే ఇటువంటి చిక్కులే వస్తాయి. ఇక కారం మాట: 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చిన మిరపకాయను ఇస్సాకు గుడారంలోకి పంపడం ఎవరివల్లా కాదు.

అయితే ‘రుచిగల’ అనడంతో మాట అర్థం పూర్తిగా తేలిపోదు. 17వ వచనం చూడండి: ఇస్సాకు భార్య రిబ్కా తాను సిద్ధపరచిన మత్‌అమ్మీమ్‌ను, రొట్టెను, ఏశావులా నటించి తండ్రి దగ్గరికి వెళ్లబోతున్న చిన్నకొడుకు యాకోబు చేతికిస్తుంది. రొట్టెను విడిగా చెప్పారు. అంటే ఇది కడుపు నింపే ప్రధానాహారం కాదు, దానిలోకి రుచికోసం చేసుకొనేది. మన ఇళ్లలో ‘అన్నంలోకి ఏమిటి?’ అని అడిగితే జవాబుగా వచ్చేది. దీన్నే తెలుగులో ఆదరువు అంటారు, సంస్కృతంలో వ్యంజనం అంటారు. ప్రాచీన గ్రీకు అనువాదకులు ‘ఎదెస్మతా’ అని, అంటే తినుబండారాలని, సాధారణంగా చెప్పి ఊరుకున్నారు. లాటిన్‌లోకి తెచ్చిన జెరోము మాత్రం ‘పుల్మెంతుమ్’ అన్నాడు. రొట్టెతోనో, గంజివంటి ముద్దతోనో కలిపి తినే ఆదరువుకు రోమనులు వాడిన మాట అది. ఈ విషయంలో నా ఓటు జెరోముకే. మన అనువాదకులు ఎంచుకొన్న ‘భోజ్యము’ కూడా ఆలోచించి వేసిన మాటలాగే ఉంది. భక్ష్య భోజ్య లేహ్య చోష్య పానీయాలు అని వరస చెప్పేటప్పుడు, కొరికి నమిలేది భక్ష్యం, మెత్తగా ఉడికి అంతగా నమలనక్కరలేనిది భోజ్యం. మేకపిల్ల మాంసంతో వండిన కూరకు భోజ్యమనే మాటే ఎక్కువ తగుతుంది.

మరొక సూక్ష్మం 9వ వచనంలో ఉంది. మందలోనుంచి రెండు మంచి మేకపిల్లలను తెమ్మని కొడుకుతో చెప్పి, రిబ్కా ‘వాటిని మత్‌అమ్మీమ్‌గా చేస్తాను’ అంటుంది. మాంసం ఏదైనా సరే, అది వండే చేతిలో మత్‌అమ్ అవుతుందన్నమాట. ఇస్సాకు యాకోబు స్వరాన్ని అనుమానించాడు, చేతులు తడిమి చూశాడు, వస్త్రాల వాసన చూశాడు. కానీ తింటున్నది వేటమాంసం కాదని నాలుక పట్టుకోలేకపోయింది! ఈ పదం పాత నిబంధన మొత్తంలో 8 చోట్లే వస్తుంది. వాటిలో 6 ఈ అధ్యాయంలోనే ఉన్నాయి. మిగిలిన 2 సామెతల 23వ అధ్యాయంలో, స్త్రీలింగ బహువచన ప్రత్యయంతో కనిపిస్తాయి. అక్కడ ఏలికతో భోజనానికి కూర్చున్నవాణ్ణి హెచ్చరిస్తూ, అతని ‘రుచిగల పదార్థములను’ ఆశించవద్దని, అవి మోసపుచ్చే ఆహారమని అంటారు. ఇక్కడా అక్కడా ఈ మాట పక్కనే మోసం ఉండడం యాదృచ్ఛికమో కాదో పండితులు తేల్చుకోవాలి, నాకు మాత్రం కాదనే అనిపిస్తుంది.

ఈ ధాతువు నాలుకతోనే ఆగిపోలేదు. ‘వివేకములేని సుందరస్త్రీ’ని పంది ముక్కున ఉన్న బంగారు కమ్మితో పోల్చిన సామెతలో ‘వివేకము’ అని మనం చదువుతున్నది మూలంలో ‘తఅమ్’. లాటిన్‌లోనూ రుచి చూడడానికి, తెలివి కలిగి ఉండడానికి ‘సపెరె’ అన్నది ఒకటే క్రియ. మన ‘రుచి’ అభిరుచి అయినట్టు, ‘రసం’ రసజ్ఞతకు దారి తీసినట్టు ఇది సహజమైన విస్తరణే. హీబ్రూ లేఖనాలను రాగయుక్తంగా చదవడానికి అక్షరాలకు చేర్చే స్వర చిహ్నాలను కూడా ‘తెఅమీమ్’ అంటారు. మనకూ వ్యంజనమంటే ఒకవైపు కూర, మరొకవైపు హల్లు. రెండు భాషల వ్యాకర్తలూ వంటింటి మాటనే అరువు తెచ్చుకొన్నారని నవ్వుకోవచ్చుగానీ, వ్యంజనానికి ధాత్వర్థం ‘వ్యక్తం చేసేది’ కాబట్టి ఈ పోలికను మరీ సాగదీయకూడదు. ఇదే ధాతువుకు అరబ్బీ తోబుట్టువు ‘తఆమ్’, అంటే భోజనం. ఉర్దూ పెళ్లి శుభలేఖల్లో విందు వేళను సూచిస్తూ ‘తనావుల్-ఎ-తఆమ్’ అని వేసేది ఆ మాటే.

నేటి వాడుకలోకి మార్చాలంటే ‘నాకిష్టమైనట్టు కమ్మగా కూర వండి తీసుకురా’ అనడం మూలానికి దగ్గరగా ఉంటుంది. కొందరు ‘కారపు వంటకం’ అని రాస్తున్నారు, అది పొరపాటు. దీన్ని 25వ అధ్యాయంలో ఏశావు జ్యేష్ఠత్వం అమ్ముకొన్న వంటకంతో కలపకండి. అది ‘నజీద్’, అంటే ఉడికించినది. జెరోము రెండు చోట్లా ‘పుల్మెంతుమ్’ అనే రాసి ఆ తేడాను చెరిపేశాడు. అక్కడ మన బైబిలులో ‘చిక్కుడుకాయల వంటకము’ అని ఉన్నా, హీబ్రూలోని ‘అదాషీమ్’ చిక్కుళ్లు కావు, మనం మైసూరుపప్పు అని పిలిచే పప్పుధాన్యం. ఏశావు దాన్ని చూసి ‘ఎఱ్ఱయెఱ్ఱగా’ ఉందనడం ఆ పప్పుకే పొసగుతుంది.