పెరటి ప్రశ్నలు: పిందె నిలవడం లేదు, ఏం చేయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది బాధ ఒకటే: పూత విరగబూస్తోంది, కాయ మాత్రం నిలవడం లేదు. అందుకే మొదటి జవాబు కాస్త పెద్దదిగా రాశాను. తీగ కూరగాయలు వేసినవాళ్లంతా ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: సొరపాదు పందిరంతా అల్లుకుంది. రోజూ పదేసి తెల్లపూలు పూస్తున్నాయి. కానీ పిందెలు చిటికెన వేలంత ఉండగానే పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయి. బలం చాలడం లేదేమోనని రెండుసార్లు ఎరువు వేశాను. మందు ఏదైనా కొట్టాలా?
– మేడ మీద తోట వేసిన ఒక పాఠకురాలు

జవాబు: మందు వద్దమ్మా. ఎరువు కూడా కొన్నాళ్లు ఆపేయండి. మీ పాదుకు ఏ జబ్బూ లేదు. దానికి అందనిది పుప్పొడి.

సొర, బీర, పొట్ల, కాకర, గుమ్మడి, దోస, వీటన్నిటిలో ఒకే తీగకు మగపూలు వేరుగా, ఆడపూలు వేరుగా పూస్తాయి. పూవు వెనక్కి తిప్పి చూడండి. రేకుల కింద బుల్లి కాయ ఉంటే అది ఆడపూవు, వట్టి కాడ ఉంటే మగపూవు. మీరు పిందె అనుకుంటున్నది ఇంకా పిందె కాదు. ఆడపూవు పుట్టడమే ఆ కాయ ఆకారంతో పుడుతుంది. పుప్పొడి అందితేనే అది కాయగా పెరుగుతుంది. అందకపోతే కొద్ది రోజుల్లోనే పసుపెక్కి రాలిపోతుంది. పూత మొదలైన కొత్తలో మగపూలే ఎక్కువగా రావడం కూడా మామూలే. దానికి కంగారు పడకండి.

నేను తోట మొదలుపెట్టిన ఏడాది నాకూ ఇదే జరిగింది. రోజూ పొద్దున్నే పాదు దగ్గరికి వెళ్లి చూసేదాన్ని. పూలన్నీ వాడి వేలాడుతూ ఉండేవి. నోట్‌బుక్‌లో లెక్క రాసుకున్నాను, ఆ సీజన్‌లో 31 పిందెలు రాలిపోయాయి. ఒకరోజు పని ఎక్కువై, నీళ్లు పెట్టడం చీకటి పడే వేళ దాకా ఆలస్యమైంది. పందిరి కిందికి వెళ్లి తలెత్తితే తెల్లపూలన్నీ విచ్చుకుని ఉన్నాయి. అప్పటిదాకా సొరపూవు విచ్చుకోవడం నేను చూడనే లేదు. సొర సాయంత్రం పూస్తుంది, పొద్దునకల్లా వాడిపోతుంది. బీర, పొట్ల కూడా సాయంత్రం పూసేవే. గుమ్మడి, దోస, కాకర మాత్రం తెల్లవారే వేళ విచ్చుకుంటాయి.

సొరపూల మీదికి వచ్చేవి ఎక్కువగా చీకట్లో తిరిగే రెక్కల పురుగులు. ఎత్తైన మేడ మీదికి అవి సరిగ్గా రాకపోవచ్చు. అలాంటప్పుడు ఆ పని మనమే చేయాలి. సాయంత్రం పూలు విచ్చుకున్నాక మగపూవు ఒకటి కోయండి. రేకులు తీసేయండి. మధ్యలో పసుపు పొడి అంటిన కాడ మిగులుతుంది. ముందు దాన్ని వేలికి రాసుకుని చూడండి, పొడి అంటితేనే పనికొస్తుంది. ఇప్పుడు ఆడపూవు మధ్యలో జిగురుగా ఉన్న భాగానికి మెల్లగా, అన్ని వైపులా తగిలేలా అద్దండి. ఒక మగపూవు 2, 3 ఆడపూలకు సరిపోతుంది. అద్దిన పూవు కాడకు రంగు దారం కట్టండి, తేదీ రాసుకోండి. 4 రోజుల తర్వాత చూస్తే దారం కట్టినవి లావెక్కుతూ కనిపిస్తాయి, కట్టనివి పసుపెక్కి ఉంటాయి. ఆ తేడా మీ కళ్లతో చూశాక ఇంకెప్పుడూ పిందె రాలిందని మందు కొట్టరు.

ఇంకో మాట. సొరలో ప్రధాన తీగకు మగపూలే ఎక్కువ, ఆడపూలు పక్క కొమ్మలకు బాగా వస్తాయి. తీగ పందిరి ఎక్కి నిలదొక్కుకున్నాక చివర తుంచేస్తే పక్క కొమ్మలు వస్తాయి. నత్రజని ఎక్కువైతే ఆకు దట్టంగా పెరిగి పూత వెనకబడుతుంది, మిమ్మల్ని ఎరువు ఆపమన్నది అందుకే. పందిరి పక్కన నాలుగు బంతి మొక్కలో, తులసి మొక్కలో పెట్టండి. తులసి కంకులు కోయకుండా పూయనివ్వండి, తేనెటీగలు వాటిని వెతుక్కుంటూ వస్తాయి. పొద్దున పూసే మీ కాకరకు, దోసకు వాటితో చాలా మేలు.

ప్రశ్న: టమాటా కాయలు అడుగున నల్లబడి, తోలులా గట్టిపడుతున్నాయి. కోడిగుడ్ల పెంకులు పొడి చేసి వేస్తే తగ్గుతుందని చెప్పారు. నెల రోజులుగా వేస్తున్నా తగ్గలేదు.
– కుండీల్లో కూరగాయలు పెంచే ఒక ఉద్యోగి

జవాబు: తగ్గదండీ. ఇది ఒక కాయ నుంచి ఇంకో కాయకు అంటుకునే తెగులు కాదు. కాయ చివరి భాగానికి కాల్షియం అందక వచ్చే లోపం. కాల్షియం అనగానే అందరూ మట్టిలో లేదనుకుంటారు. చాలాసార్లు మట్టిలో ఉంటుంది, పైకి చేరదు. అది వేరు నుంచి నీటితో పాటే ప్రయాణిస్తుంది. ఆ నీరు ఎక్కువగా ఆకులకు పోతుంది, కాయకు వెళ్లేది తక్కువ, కాయ అడుగుకు ఇంకా తక్కువ. ఒకరోజు కుండీ ఎండిపోయి మర్నాడు నిండా నీళ్లు పడితే, ఎండిన ఆ కొద్దిసేపటి దెబ్బ కాయ అడుగున కనిపిస్తుంది. గుడ్డు పెంకు మట్టిలో కరగడానికి చాలా కాలం పడుతుంది, ఈ కాపుకు అది అందిరాదు.

మీ కుండీ ఎంతుందో రాయలేదు. టమాటా మొక్క ఒక్కదానికి కనీసం 20 లీటర్ల మట్టి పట్టే కుండీ ఉండాలని నా లెక్క. అంతకంటే చిన్నదైతే ఎండలో మధ్యాహ్నానికే ఆరిపోతుంది. మట్టి పైన రెండంగుళాల మందాన ఎండుటాకులు పరచండి. రోజూ ఒకే వేళకు, పొద్దున, నీళ్లు పోయండి. వేలు రెండంగుళాలు లోపలికి పెట్టి తడి చూడండి, పైపొరను చూసి మోసపోవద్దు. మరీ ఎండగా ఉన్న రోజుల్లో సాయంత్రం కూడా పోయాలి. నల్లబడిన కాయలు కోసేయండి, అవి బాగుపడవు. నీరు కుదుటపడితే తర్వాతి గెలలు మామూలుగా వస్తాయి.

ప్రశ్న: మిరప మొక్కల ఆకులన్నీ ముడుచుకుపోయాయి. ఏం కొట్టాలి?
– ఒక విద్యార్థి

జవాబు: బాబూ, ఎటు ముడుచుకున్నాయో రాయలేదు. అదే అసలు విషయం. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే పై ముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, తిరగేసిన దోనెలా ఉండి, ఆకు కాడ సాగితే కింది ముడత, నల్లి పని. రెండింటికీ మందు ఒకటి కాదు. తెల్ల కాగితం పట్టి లేత చిగురును దాని మీద తట్టు. సన్నటి నూలు ముక్కల్లా కదిలేవి కనిపిస్తే తామర పురుగులు. నల్లిని చూడాలంటే భూతద్దం కావాలి.

ముందుగా బాగా ముడుచుకున్న చిగుళ్లు తుంచి దూరంగా పారేయ్. ఆకుల అడుగున తగిలేలా నీళ్లు గట్టిగా చిమ్ము. ఆ తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కొంచెం సబ్బు నీళ్లు వేసి, ఎండ తగ్గాక పిచికారీ చేయి. ముందు ఒక కొమ్మకు మాత్రమే కొట్టి, ఒకరోజు ఆగి చూడు. ఆకు మాడకపోతే మిగతా మొక్కకు కొట్టు. వారానికోసారి చొప్పున 3 సార్లు. కింది ముడత అయితే లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం పనిచేస్తుంది. కానీ నూనె కొట్టిన 2 వారాల లోపు గంధకం కొట్టకూడదు, మండే ఎండలో అసలే కొట్టకూడదు. ఆకు మాడిపోతుంది.

పురుగూ లేదు, నల్లీ లేదు, ఆకులు చిన్నవై, పసుపెక్కి, గుబురుగా ముడుచుకుని మొక్క ఎదగడం మానేసిందంటే వైరస్ అనుకోవాలి. తెల్లదోమ మోసుకొస్తుంది. దానికి మందు లేదు. చేతులారా పెంచిన మొక్కను పీకడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా పీకేయ్, పక్క మొక్కలు దక్కుతాయి.

ప్రశ్న: వంటింటి చెత్తతో కంపోస్టు చేస్తున్నాను. భరించలేని వాసన. ఇంట్లోవాళ్లు డబ్బా తీసేయమంటున్నారు.

జవాబు: తడి ఎక్కువైంది, గాలి ఆడడం లేదు. ఒక గిన్నె తడి చెత్త వేస్తే రెండు గిన్నెల ఎండుటాకులో, చింపిన అట్టపెట్టె ముక్కలో వేయాలి. ఇప్పుడున్నదంతా ఒకసారి తిరగేసి, ఎండుటాకులు బాగా కలిపి, డబ్బా అడుగున, పక్కలా రంధ్రాలు పెట్టండి. కొద్ది రోజుల్లోనే వాసన తగ్గుముఖం పడుతుంది. డబ్బా తీసేయకండి.

ప్రశ్న: తిన్న బొప్పాయి గింజలు నాటితే 4 మొక్కలు వచ్చాయి. తలెత్తి చూసేంత పెరిగాయి. రెండింటికి పొడుగాటి కాడలకు గుత్తులుగా పూలు వేలాడుతున్నాయి, ఒక్క కాయా లేదు.

జవాబు: ఆ రెండూ మగ చెట్లు. బొప్పాయిలో మగ చెట్టు, ఆడ చెట్టు, రెండు లక్షణాలూ ఉన్న ద్విలింగ చెట్టు అని మూడు రకాలు ఉంటాయి. ఆడపూవు కాండానికి దగ్గరగా, అడుగు లావుగా ఉంటుంది. మొలకను చూసి, వేరును చూసి, గింజ రంగును చూసి చెప్పగలమనే మాటలు నమ్మకండి, కంటికి తెలిసేది పూత వచ్చాకే. అందుకే ఈసారి ఒక్కో గుంతకు 3 మొక్కలు పెట్టి, పూత వచ్చాక కాసేదాన్ని ఒకదాన్ని ఉంచి మిగతావి తీసేయండి. ఇప్పుడున్న నాలుగింటిలో మగవి కాని ఆ రెండు చెట్లలో ఆడది ఉంటే, దాని కోసం ఒక మగ చెట్టును ఉండనివ్వండి. చెట్టు మొదలు దగ్గర నీళ్లు నిలవకుండా చూసుకోండి. రెండు రోజులు నీట నానితే చాలు, ఎంత పెద్ద బొప్పాయైనా కూలిపోతుంది.

ప్రశ్న: మేం 14 కుటుంబాలం కలిసి ఖాళీ స్థలంలో ఉమ్మడి తోట వేశాం. మొదట్లో అందరూ వచ్చారు. ఇప్పుడు నలుగురైదుగురమే పని చేస్తున్నాం, కోతకు మాత్రం అందరూ వస్తున్నారు. మొన్న ఒకాయన ఎవరికీ చెప్పకుండా వంగ మీద మందు కొట్టారు. ఆ సాయంత్రమే పిల్లలు ఆ పక్క దోసకాయలు కోసుకుని తిన్నారు. తోట ఆపేద్దామా అనిపిస్తోంది.
– విసిగిపోయిన ఒక సభ్యురాలు

జవాబు: ఆపొద్దమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు మందు సంగతి, మిగతావన్నీ దాని తర్వాతే.

రేపే తోట గుమ్మం దగ్గర ఒక నల్లబల్ల పెట్టండి. ఎవరు ఏ మందు, ఏ మడిలో, ఏ తేదీన కొట్టారో రాయాలి. కొట్టిన ఎన్ని రోజుల తర్వాత కోయాలో డబ్బా మీద ఉంటుంది, ఆ తేదీ కూడా పెద్ద అక్షరాల్లో రాయాలి. వేపనూనె అయినా సరే రాయాల్సిందే. రాయకుండా కొట్టినవాళ్లు ఎవరైనా మళ్లీ పిచికారీ ముట్టుకోకూడదు. ఇందులో మొహమాటం వద్దు, తినేది పిల్లలు.

ఇక పని, పంట. నేనూ ఒక ఉమ్మడి తోటలో 9 ఏళ్లు ఉన్నాను. మొదటి రెండేళ్లు అంతా కలిపే పండించాం, మీలాగే గొడవపడ్డాం. మూడో ఏడు మడులు విడదీశాం, ఇంటికొకటి. ఒక్కో మడి 4 అడుగుల వెడల్పు, దాంతో రెండు వైపుల నుంచీ చేయి అందుతుంది, మట్టిని తొక్కక్కర్లేదు. మధ్యలో రెండడుగుల దారి. పండ్ల చెట్లు, కరివేపాకు, కంపోస్టు గుంత, పనిముట్లు మాత్రం ఉమ్మడి. ఎవరి మడి వాళ్లది అయ్యాక రానివాళ్లు ఎవరో మడే చెప్పేది, మాట అనాల్సిన అవసరం రాలేదు. వరసగా నెల రోజులు పట్టించుకోని మడిని ఎదురుచూస్తున్నవాళ్లకు ఇవ్వాలని ముందే రాసుకున్నాం. ఊరెళ్లేవాళ్లు నీళ్లు ఎవరు పోస్తారో చెప్పి వెళ్లాలి.

ఒక్క పంటకు మాత్రం ఈ హద్దు పెట్టుకోలేదు, అది బెండ. బెండకాయ 2 రోజులు వదిలేస్తే ముదిరిపోతుంది, ముదిరిన కాయలు చెట్టున ఉంటే కొత్త కాపు తగ్గుతుంది. అందుకని కోతకు వచ్చిన బెండను ఎవరు చూస్తే వాళ్లు కోసి గుమ్మం దగ్గర బుట్టలో వేసేవాళ్లం. మడి ఎవరిదైతే వాళ్లు సాయంత్రం పట్టుకెళ్లేవాళ్లు, మిగిలితే అడిగినవాళ్లకు. మిగతా వాటి మీద పోట్లాడుకున్నవాళ్లు కూడా ఆ బుట్ట దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్లు.

ఖాళీ స్థలం అన్నారు కాబట్టి ఇంకొకటి. అక్కడ పూర్వం పాత ఇల్లు గానీ, రంగులేసిన గోడ గానీ ఉండి కూలిందా కనుక్కోండి. పాత రంగుల్లో సీసం ఉండేది, అది మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అలాంటి చోట మట్టి పరీక్ష చేయించేదాకా ఆకుకూరలు, దుంపలు నేలలో వేయకండి. ఇటుకలు పేర్చి, శుభ్రమైన మట్టి పోసిన ఎత్తు మడుల్లో వేసుకోండి.

ఆ 14 ఇళ్లవాళ్లనూ ఒకసారి కూర్చోబెట్టండి. మందు కొట్టినాయన్ను కూడా పిలవండి. మడులు గీసేటప్పుడు తాడు ఆయన చేతికే ఇవ్వండి.