సాక్సులు ఎన్ని జతలంటే

మెహదీపట్నం నుంచి ఓ అమ్మాయి అడిగింది: "ఆంటీ, జులైలో నాలుగు వారాలు ఇంగ్లండ్‌లో, రోమన్లు కట్టిన హాడ్రియన్ గోడ దగ్గర తవ్వకాల ఫీల్డ్ స్కూల్‌కి సీటు వచ్చింది. ఏమేం తెచ్చుకోవాలి? అమ్మ ఒకటే టెన్షన్."

ముందు వీసా సంగతి చూడు తల్లీ. వాళ్లు పంపిన లెటర్‌లో కోర్సు అని ఉందా, వాలంటీర్ అని ఉందా? విజిటర్ వీసా మీద గుర్తింపున్న సంస్థలో 6 నెలల వరకు చదువుకోవచ్చు. వాలంటీర్ పనైతే రిజిస్టరైన ఛారిటీకే చేయాలి, అదీ 30 రోజులకు మించకుండా. నీ నాలుగు వారాలు ఎలాగైనా సరిపోతాయి గానీ, లెటర్‌లో ఒకటి, ఫారంలో ఇంకొకటి రాశావో ఇబ్బందే. ప్రయాణానికి 3 నెలల ముందు నుంచే అప్లై చేయనిస్తారు.

తాపీ కోసం రాణీగంజ్‌లో తిరగకు. మన మేస్త్రీల తాపీ పెద్దది, మట్టిని పొరలుగా గీకడానికి పనికిరాదు. ఇక్కడ ఇంగ్లండ్‌లో తవ్వకాలకు వాడేది 4 అంగుళాలది, బ్లేడూ కాడా ఒకే ఇనుప ముక్కతో చేసింది. వచ్చాక కొనుక్కో. ఒకసారి నేను నాది హ్యాండ్‌బ్యాగ్‌లో మర్చిపోయి విమానం ఎక్కబోయాను. సెక్యూరిటీ వాళ్లు తీసేసుకున్నారు. పదేళ్లు చేతికి అలవాటైన తాపీ, ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక సాక్సులు. జులైని ఇక్కడివాళ్లు ఎండాకాలం అంటారు, నమ్మకు. ట్రెంచ్‌లో మోకాళ్ల మీద కూర్చుంటే కింద నీళ్లు ఊరతాయి. ఆ తడిని తిట్టుకోకు మళ్లీ! గాలి చొరబడని ఆ తడి మట్టి వల్లే ఆ గోడ దగ్గరి విండొలాండా అనే రోమన్ కోటలో సిరా రాతలున్న పల్చటి చెక్క పలకలు కుళ్లకుండా నిలిచాయి. మొదటివి 1973లో బయటపడ్డాయి. దాదాపు 1900 ఏళ్ల నాటి ఉత్తరాలవి. ఒకదాంట్లో ఎవరో సాక్సులు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపానని రాశారు. రోమన్లకే చాలలేదు, నువ్వు పది జతలు పెట్టుకో, ఉన్నివైతే మంచిది. రెయిన్‌కోటుతో పాటు వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, మోకాళ్లకు ప్యాడ్లు కూడా. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావో డాక్టర్‌కి చెప్పి, అవసరమైతే అక్కడే వేయించుకునిరా.

నిధులు దొరుకుతాయని రాకు. ఎక్కువ సేపు కుండ పెంకులు కడగడం, కాంటెక్స్ట్ షీట్ నింపడమే: మట్టి రంగేంటి, ఏ పొర మీద ఏ పొర ఉంది. వచ్చేముందు ఓ ఆదివారం సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ మ్యూజియం చూసిరా. శాతవాహనుల కాలం ఊరు తవ్వి తీసిన వస్తువులు అక్కడున్నాయి. "మీ దగ్గర ఏం దొరికాయి?" అని ఇక్కడివాళ్లు తప్పకుండా అడుగుతారు. మొదటిసారి అడిగినప్పుడు నేను చార్మినార్ అని చెప్పి నాలుక కరుచుకున్నాను.

అమ్మతో చెప్పు, ఆవకాయ పెట్టొచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. పాల పదార్థాలు ఇక్కడికి తేనివ్వరు.