ఖాళీ గవ్వలు ఏరుకుంటే సముద్రానికి ఏం పోతుంది?

"బీచ్‌లో పడున్న గవ్వలు పిల్లలు ఏరుకుంటే తప్పేంటి, లోపలి ప్రాణి ఎప్పుడో చచ్చిపోయిందిగా" అని ఒకరు అడిగారు. నాలుగేళ్ల కిందటి దాకా నేనూ ఇదే మాట అనేవాణ్ణి.

ఓసారి మా అమ్మాయీ నేనూ సంచీ నిండా ఏరుకొచ్చాం. రాత్రి గదిలో లైటు తీసేశాక టక్, టక్ మని చప్పుడు. ఎలుకేమో అనుకుని టార్చి వేస్తే, మేం ఖాళీ అనుకున్న ఓ మెలికల గుల్ల గచ్చు మీద నడిచి పోతోంది! లోపల సన్యాసి పీత. హెర్మిట్ క్రాబ్ అంటారే, అదే. పగలు చెయ్యి తగలగానే లోపలికంటా ముడుచుకుపోయి ఉంటుంది, మేం సరిగా చూడలేదు.

తెల్లారగానే సంచీ తీసుకెళ్లి ఏరిన చోటే కుమ్మరించాం. కాసేపు కదలకుండా కూర్చున్నాం. అంచు విరిగిన గుల్లలో ఉన్న ఇంకో పీత వచ్చి, మేం పోసినవాటిలో ఒకదాన్ని పట్టుకుంది. కాళ్లతో చుట్టూ తడిమింది, దొర్లించింది, లోపలికి కాలు పెట్టి చూసింది. అద్దె ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా అంత పట్టిపట్టి చూడరు. తర్వాత రెప్పపాటులో పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి దూరిపోయింది. మధ్యలో ఆ ఒక్క క్షణం దాని పొట్ట కనిపించింది: పెంకు లేకుండా, మెత్తగా, వంకర తిరిగి. ఆ పొట్టకి రక్షణ ఆ గుల్లే. దాన్ని అది సొంతంగా తయారు చేసుకోలేదు, సముద్రపు నత్తలు చచ్చాక మిగిలిన గుల్లలే దిక్కు. పెరిగేకొద్దీ ఇంకా పెద్దది కావాలి. మంచి గుల్ల ఒకటి దొరికితే కొన్ని జాతుల పీతలు పెద్దా చిన్నా వరసలో నిలబడి, ఒకటి ఖాళీ చేసిన దాంట్లోకి ఇంకొకటి మారతాయి. అంటే మనం జేబులో వేసుకునే ఆ ఒక్కటీ నాలుగైదు పీతల ఇళ్ల మార్పు కావచ్చు.

"నేను తీసేది గుప్పెడేగా" అంటారా? స్పెయిన్‌లో సలౌ దగ్గరి ఒక బీచ్‌లో 1978-81లో, మళ్లీ 2008-10లో గుల్లలు లెక్కపెట్టారు. ఈలోగా పర్యాటకులు దాదాపు మూడింతలయ్యారు, గుల్లలు సగానికి పైగా తగ్గిపోయాయి. అందరివీ గుప్పెళ్లే మరి. బీచ్ శుభ్రం చేసే యంత్రాల పాత్రా ఉండొచ్చు, అది వేరే సంగతి.

పిల్లల్ని పూర్తిగా ఆపమని నేననను. విరిగిన ముక్కలు, అరిగిపోయిన ఆల్చిప్పలు ఒకటో రెండో తెచ్చుకోనివ్వండి, అక్కడి నిబంధనలు ఒప్పుకుంటేనే. చెక్కుచెదరని మెలికల గుల్లల్ని మాత్రం ముట్టుకోవద్దు. తీసే బదులు షాపులో కొందామనుకుంటే అది ఇంకా అన్యాయం. షాపులో మెరిసే కౌరీ గవ్వకి ఆ నిగనిగ బతికున్న ప్రాణి దాన్ని తన ఒంటి పొరతో కప్పి ఉంచడం వల్ల వస్తుంది. ఒడ్డుకి కొట్టుకొచ్చి ఎండలో పడున్నవి వెలిసిపోతాయి. అంత మెరుస్తూ అమ్మకానికి వచ్చాయంటే చాలావరకు ప్రాణంతో పట్టినవే.

చేతులు ఊరుకోకపోతే ప్లాస్టిక్ సీసాలు ఏరండి, ముఖ్యంగా మూతి పైకి ఉన్నవి. పీత లోపలికి జారితే నున్నటి గోడ ఎక్కి రాలేదు. అది చచ్చాక వచ్చే వాసన మిగతా పీతలకి "ఇక్కడ గుల్ల ఖాళీ అయింది" అని పిలుపు. అవీ వచ్చి పడతాయి. హిందూ మహాసముద్రంలోని కోకోస్, పసిఫిక్‌లోని హెండర్సన్ దీవుల్లో ఇలా దాదాపు 5,70,000 పీతలు చిక్కుకుపోయి ఉంటాయని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. మా అమ్మాయి ఇప్పుడు సీసా దొరికితే ముందు బోర్లించి దులుపుతుంది, ఆ తర్వాతే సంచీలో వేస్తుంది.