15 వేల రూపాయలతో 60 మంది పెద్దలకు క్రిస్మస్ విందు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక పల్లె. మా సంఘంలోని స్త్రీల సమాజం తరఫున ఈ డిసెంబరులో ఊళ్లోని వృద్ధులందరినీ, క్రైస్తవులైనా కాకపోయినా, పిలిచి, పండుగకు ముందే చేసుకునే సెమీ క్రిస్మస్ విందు పెట్టాలనుకుంటున్నాం. 60 మంది దాకా వస్తారు. చందాలన్నీ కలిపినా 15,000 రూపాయలు మించేలా లేవు. స్టేజీ, లైటింగు, పెద్ద సౌండ్ బాక్సులు లేకపోతే పండుగలా ఉండదని యువకులు అంటున్నారు. అందరికీ దుప్పట్లు పంచాలని మరికొందరి మాట. దేనికి ఖర్చు పెట్టాలి, ఏది మానుకోవాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: స్టేజీ, సౌండ్ బాక్సులు, ఫ్లెక్సీ మానుకుంటే మీ డబ్బు సరిపోతుంది. వంట మీ సమాజం వారే చేసుకుంటారన్న లెక్కన భోజనానికి 7,000, ఆటోలకు 2,500, కుర్చీలు, షామియానా, వంటపాత్రల అద్దెకు 2,000, ఇంటికి ఇచ్చి పంపే పొట్లాలకు 2,400 రూపాయలు కేటాయించుకోండి. మిగిలిన 1,100 ముట్టుకోకుండా ఉంచండి, ఆ రోజు ఏదో ఒకటి తక్కువ పడకుండా ఉండదు. చందా అడిగేటప్పుడు డబ్బే ఇమ్మనకుండా ఒకరిని బియ్యం, ఒకరిని నూనె, పాడి ఉన్నవారిని పెరుగు అడిగి చూడండి. వంద రూపాయలకు వెనకాడే ఇల్లు కూడా రెండు లీటర్ల పెరుగు సంతోషంగా తోడుపెట్టి ఇస్తుంది.

అన్నిటికన్నా ముందు తేలవలసింది తేదీ. ఒకటో తారీఖున పింఛను ఇంటికే తెచ్చి ఇస్తారు కనుక ఆ రోజు పెద్దలు గడప దాటరు. ఆదివారం మీకు ఆరాధన ఉంటుంది. శనివారం మాంసం ముట్టనివారు ఎందరో ఉంటారు. మార్గశిరంలో గురువారాలు లక్ష్మీపూజ చేసుకునే ఇళ్లవారినీ ఇబ్బంది పెట్టవద్దు. నన్నడిగితే 20వ తేదీ లోపు ఒక బుధవారం మంచిది. డిసెంబరులో పాస్టరు అయ్యగార్ల తేదీలు ఎంత త్వరగా నిండిపోతాయో మీకు తెలియనిది కాదు, నవంబరులోనే మాట తీసుకోండి. సెమీ క్రిస్మస్ అనగానే సాయంత్రం పెట్టడం మనకు అలవాటు. కానీ ఆ నెలలో సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంది, మంచు మొదలవుతుంది, కంటిలో శుక్లాలున్నవారికి మెట్టు ఎక్కడుందో కనబడదు. ఉదయం పదిన్నరకు మొదలుపెట్టి మధ్యాహ్నం రెండింటికల్లా అందరినీ ఇళ్లకు చేర్చేటట్టు చూసుకోండి. పగటి పూట కనుక లైటింగు ఖర్చు కూడా తప్పుతుంది.

రెండు ఆటోలు మాట్లాడుకుని, తొమ్మిదిన్నర నుంచి వీధి వీధికీ తిప్పండి. ప్రతి ఆటోలో ఒక యువకుడు ఉండి చెయ్యి పట్టి ఎక్కించాలి. చేతులున్న కుర్చీలే తీసుకోండి. ఒకసారి మా సంఘంలో నున్నటి టైల్స్ మీద చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. ఒక పెద్దాయన లేవబోతుండగా కుర్చీ వెనక్కి జారిపోయింది. పక్కనున్నవారు పట్టుకోబట్టి బతికిపోయాం. చాలా చర్చి హాళ్లలో మరుగుదొడ్డి కింద కూర్చునేదే ఉంటుంది. మోకాళ్ల నొప్పులవారికి అది కుదరదు కనుక ఒక కమోడ్ కుర్చీ ఎవరింటి నుంచైనా అడిగి తెచ్చిపెట్టుకోండి. అది లేదని తెలిసి పొద్దుటి నుంచీ మంచినీళ్లు తాగకుండా వచ్చే ఆడవాళ్లు ఉంటారు.

ఇక భోజనం. క్రిస్మస్ విందని పిలిచి పప్పన్నం పెడితే పెద్దలు పైకి ఏమీ అనరు గాని, సంక్రాంతి దాకా చెప్పుకుంటారు. పెద్దలు 60 మంది, పనిచేసేవారు 15 మంది అనుకుంటే 6 కిలోల బియ్యంతో పులావు, 8 కిలోల కోడిమాంసం, 3 కిలోల బియ్యంతో తెల్లన్నం సరిపోతాయి. తెల్లన్నం ఎందుకంటే, చివర రెండు ముద్దలు పెరుగన్నం కలుపుకోనిదే వారికి భోజనం చేసినట్టుండదు. పళ్లు లేనివారు ఎముక ముక్కలతో అవస్థ పడతారు కాబట్టి మాంసం ఎముక లేకుండా చిన్న ముక్కలు కొట్టించి, కారం సగానికి తగ్గించి, బాగా మెత్తగా ఉడికించండి. మాంసం తినని వారికి పప్పు, వంకాయ కూర వేరే పొయ్యి మీద, వేరే గరిటెతో చేయించండి, ఆ సంగతి పిలిచేటప్పుడే చెప్పండి. పిండివంటల్లో గులాబీ పువ్వులు, జంతికలు చూడముచ్చటగా ఉంటాయి గాని వారికి కొరుకుడు పడవు. సున్నుండలు, మెత్తటి అరిసెలు చేయండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఎవరో ముందే కనుక్కుని, ప్రసంగం పూర్తయినా కాకపోయినా పన్నెండున్నరకు వడ్డన మొదలుపెట్టండి.

ప్రసంగం పావుగంట చాలు. వేదిక మీది పెద్దలందరికీ శాలువాలు కప్పే కార్యక్రమం అసలే వద్దు. హార్మోనియం, డోలక్, తాళాలు ఉంటే మిగిలిన గంటన్నర కీర్తనలతోనే గడిచిపోతుంది. యువకులకు రెండో చరణం దగ్గర పుస్తకం కావాలి. డెబ్బై ఏళ్ల అమ్మమ్మలు కళ్లు మూసుకుని ఆఖరి చరణం దాకా పాడతారు. పాట ఎత్తుకునే పని వారికే అప్పగించండి. క్రైస్తవులు కానివారిని కూడా తమకు వచ్చిన కోతల పాటో, జోల పాటో పాడమని అడగండి.

దుప్పట్లు ఈసారి వద్దు. 60 దుప్పట్లకు మీ మొత్తం డబ్బు చాలదు. చవకవి తెస్తే ఒక్క ఉతుకుకే పీలికలవుతాయి. పైగా ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి, దుప్పటి చేతికిచ్చి ఫొటో తీయడం మొదలైతే విందుకు వచ్చిన అతిథి సాయానికి వచ్చిన మనిషైపోతాడు. దానికి బదులు 40 రూపాయల్లో ఒక కేకు ముక్క, రెండు సున్నుండలు, ఒక అరటిపండు కలిపి పొట్లం కట్టించండి. నిరుడు మా వడ్డనలో ఒక ముసలమ్మ విస్తరిలోని కేకు ముట్టకుండా, ఎవరూ చూడటం లేదనుకుని కొంగున ముడివేసుకోవడం గమనించాను. మనవడికట. మీ పొట్లాలు వడ్డన అయ్యాక కాదు, కేకు వడ్డించే ముందే పంచండి. విస్తరిలోది అక్కడే తింటారు.