ఎమోజీపీడియాలో అర్థాల కంటే ముందు బొమ్మలు చూడండి

"ఎమోజీల అర్థాలకు ఎమోజీపీడియాని నమ్మొచ్చా?" అని అడిగారు. నమ్మొచ్చు. కానీ ఆ సైటు అసలు విలువ అర్థాల్లో లేదు. ఒకే ఎమోజీని ఏ కంపెనీ ఎలా గీసిందో, ఏ వెర్షన్‌లో ఎలా మార్చిందో వరసగా పెట్టారు చూడండి, అందులో ఉంది. మా ఇంట్లో ఒక గొడవ తీరింది ఆ వరస వల్లే.

2017లో మా అన్నయ్య గృహప్రవేశం. వదిన మా అక్కకి మామూలు ఎస్సెమ్మెస్ పెట్టింది, "ముందు రోజే వచ్చేయండి, పాలు పొంగించాల్సింది మీరే" అని. అక్క "అలాగే వదినా, వస్తాం" అని కొట్టి పక్కన ఒక ముఖం పెట్టింది. అక్క పాత ఫోన్లో ఆ ముఖం పెదాల మీద నవ్వుతో, కళ్లు పైకెత్తి, ఏదో తలుచుకుని మురిసిపోతున్నట్టు ఉంటుంది. అదే వదిన ఫోన్లో మూతి బిగించి కనుగుడ్లు తిప్పుతోంది, 'అబ్బా, మొదలెట్టారా' అన్నట్టు. ఆడపడుచు నుంచి, అదీ పాలు పొంగించే పిలుపుకి!

వదిన పైకి ఏమీ అనలేదు, అక్క ఫోన్ చేస్తే మాత్రం ఎత్తలేదు. అన్నయ్య నాకు ఫోన్ చేసి, "రావడం ఇష్టం లేకపోతే మానేయమను, ఈ వెటకారం దేనికి?" అన్నాడు. నేను ఆ సాయంత్రమే వాళ్లింటికెళ్లి ఎమోజీపీడియాలో కళ్లు తిప్పే ముఖం పేజీ తెరిచి, అక్క ఫోన్ కంపెనీ పాత బొమ్మ దాకా జరిపి వదిన చేతికిచ్చాను. రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. "అయ్యో, ఇది నవ్వుతోంది కదూ!" అని వెంటనే అక్కకి ఫోన్ కలిపింది.

మన ఫోన్ నుంచి అవతలికి వెళ్లేది బొమ్మ కాదు, ప్రతి అక్షరానికీ, ఎమోజీకీ ఒక నంబరు కేటాయించే యూనికోడ్ అనే ప్రమాణం ఇచ్చిన నంబరు. బొమ్మ ఎవరి కంపెనీది వాళ్లు గీసుకుంటారు. ఆపిల్ 2016లో తుపాకీ ఎమోజీని నీళ్ల తుపాకీ చేసింది. గూగుల్, శాంసంగ్, మైక్రోసాఫ్ట్ 2018లో గానీ మారలేదు. అంటే ఆ రెండేళ్లలో ఒకరు ఆటబొమ్మ పంపితే అవతలివాళ్లకి నిజం తుపాకీ కనపడింది. 2013లో ఎమోజీపీడియా మొదలెట్టిన జెరెమీ బర్జ్ మార్పు వచ్చినప్పుడే ఈ ప్రమాదం చెప్పాడు. క్యాలెండర్ ఎమోజీ మీద జులై 17 ఉండేది కూడా మొదట ఆపిల్ బొమ్మలోనే. 2014లో ఆయన ఆ తేదీనే ప్రపంచ ఎమోజీ దినంగా ఎంచుకున్నాడు.

ఇక యూట్యూబులో 'పసుపు గుండె పంపితే ఇదీ అర్థం, ఊదా పంపితే అదీ' అని చెప్పే వీడియోలంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ రంగు గుండెకీ యూనికోడ్ అలాంటి అర్థం పెట్టలేదు. అవి చూసి ఇంటర్ పిల్లలు స్నేహితులతో మాటలు మానేస్తున్నారు. చీర రంగుకి నప్పుతుందని గుండె పెట్టే పిన్నులు, అత్తయ్యలు మన ఇళ్లలో ఎంతమంది!

కాబట్టి ఎవరి మెసేజైనా మనసుకి గుచ్చుకుంటే ముందు వాళ్లది ఏ ఫోనో, ఎంత పాతదో కనుక్కోండి. తర్వాత ఎమోజీపీడియాలో ఆ ఎమోజీ పేజీ తెరిచి ఆ కంపెనీ బొమ్మ చూడండి. శుభకార్యం పిలుపైతే మాత్రం ఫోన్ చేసి నోటితోనే చెప్పండి, జవాబూ నోటితోనే ఇవ్వండి.