'బెల్లా'లో యుద్ధం ఉందా?

సందేహం: మనవరాలికి బెల్లా అని పేరు పెడతామంటున్నారు. ఇటాలియన్‌లో 'అందమైనది' అని అర్థమట. కానీ లాటిన్‌లో బెల్లుమ్ అంటే యుద్ధం కదా, రెండూ ఒకే మాటా?

సమాధానం: కాదండీ, ఏ టెన్షనూ పెట్టుకోకండి. మీ బెల్లా పుట్టింది 'మంచి' లోంచి.

లాటిన్‌లో మంచికి బోనుస్ అంటారు. దాని పాత రూపం దుఎనొస్. 1880లో రోమ్‌లో దొరికిన ఒక మట్టిపాత్ర మీద ఈ రూపమే గీసి ఉంది. దీనికి చిన్నతనాన్ని చెప్పే 'లొ' ప్రత్యయం చేరి దుఎనెలొస్ అయింది. తర్వాత మధ్య అచ్చు జారిపోయి 'న్ల' కాస్తా 'ల్ల' అయింది (ఉత్ + లాసం ఉల్లాసం అయినట్టే అనుకోండి), మొదటి 'దు' బకారంగా మారింది, అలా తేలిన మాట బెల్లుస్. యుద్ధం మాట అసలు రూపం దుఎల్లుమ్. అక్కడా 'దు' బకారమే అయింది, పోలిక అంతవరకే. 'రెండుసార్లు' అనే దుఇస్ కూడా ఇలాగే బిస్ అయింది, అది మన ద్విః కి తోబుట్టువు.

ఇక లాటిన్ విశేషణం సంస్కృతంలోలాగే విశేష్యం లింగాన్ని బట్టి మారాలి: బెల్లుస్, బెల్లా, బెల్లుమ్. మీకు చిక్కొచ్చింది అచ్చం యుద్ధం మాటలాగే ఉన్న ఈ మూడో రూపంతోనే (అది నపుంసకలింగం). పాత వ్యాకర్తలు కొందరు, యుద్ధంలో అందమేమీ లేదు కాబట్టే దానికి ఆ పేరొచ్చిందని కూడా చెప్పారు! చమత్కారమే గాని వ్యుత్పత్తి కాదు.

చిన్నతనాన్ని చెప్పే ప్రత్యయం అన్నాను కదా అని 'కాస్త మంచి' అనుకునేరు. పాణిని 'అల్పే' అన్న అధ్యాయంలోనే 'అనుకంపాయామ్' అని కూడా అన్నాడు. అంటే చిన్నదానికి చేర్చే ప్రత్యయమే జాలికీ గారానికీ పనికొస్తుందన్నమాట. తెలుగులో మనం 'మంచి'కి అలాంటి ప్రత్యయం తగిలించలేం, చిట్టి, బుల్లి అని ముందు చేర్చుకుంటాం. బెల్లుస్ కూడా పిల్లల్నీ ఆడవాళ్లనీ ముద్దుగా అనే మాటే, మగవాణ్ణి అంటే మాత్రం తరచు వెటకారం. ఇలాంటి వెటకారంలో రోమన్ వక్త సిసెరో దిట్ట. తన శత్రువు క్లోడియుస్ ఇంటిపేరు పుల్కెర్, అంటే అందగాడు. దానికీ ఇదే ప్రత్యయం తగిలించి పుల్కెల్లుస్, 'బుల్లి అందగాడు' అని ఎద్దేవా చేశాడు. చిత్రమేమిటంటే తర్వాత జనం నోట పుల్కెర్ చచ్చిపోయింది, ఇటాలియన్ బెల్లో, ఫ్రెంచి బెల్ రూపాల్లో బెల్లుసే బతికింది.

ఆ ముద్దూ చాలకపోతే ప్లౌటుస్ నాటకాల్లో ఇంకో ప్రత్యయం చేర్చిన బెల్లులా ఉంది, మన నడిమధ్యలాగా. మనవరాలిని అలా కూడా పిలుచుకోవచ్చు.