గుంటూరు యాస రాయడానికి నీ సొంత కీబోర్డు

గుంటూరు, బ్రాడీపేట

చి. అమ్మాయికి ఆశీస్సులు.

మన యాస మీద నీ సిద్ధాంత వ్యాసానికి ఐపీఏ (అంతర్జాతీయ ధ్వని లిపి) గుర్తులు ఒక్కొక్కటే కాపీ చేసి అతికిస్తున్నావని మీ నాన్న చెప్పాడు. పది మాటలకైతే సరే, వెయ్యి మాటలకు అలా కుదరదు. టైపు చేసే పద్ధతి నువ్వే కట్టుకో.

1995లో లండన్ ఆచార్యుడు జాన్ వెల్స్ తయారుచేసిన ఎక్స్-సాంపా ఉంది. మామూలు కీబోర్డు అక్షరాలతోనే ఐపీఏ అంతా రాయొచ్చు. అయినా నీకు వద్దంటాను. అందులో పెద్ద టీ కొడితే ఇంగ్లీషు 'థింక్' మొదటి ధ్వని, పెద్ద ఎన్ కొడితే 'గంగ'లో సున్న. నీ వేళ్లకేమో ఆర్‌టీఎస్ (తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే పద్ధతి) అలవాటు, పెద్ద టీ అంటే ట, పెద్ద ఎన్ అంటే ణ. ఆ అలవాటునే వాడుకో. ట, డ, ణ, ళ లకు పెద్ద టీ, డీ, ఎన్, ఎల్. దీర్ఘానికి అచ్చు రెండుసార్లు. ఆర్‌టీఎస్‌లో లేని వాటికి ముందు బ్యాక్‌స్లాష్.

సున్న దగ్గర జాగ్రత్త. రాతలో ఒకటే, నోట్లో అయిదు: గంప, బంతి, బండి, మంచి, గంగ పలికి చూడు. బండిలోది ణ, గంగలోది ఙ (బ్యాక్‌స్లాష్, చిన్న ఎన్). 'గుంటూరు'కి జీ, యూ, పెద్ద ఎన్, పెద్ద టీ, యూ రెండుసార్లు, ఆర్, యూ, మొత్తం ఎనిమిది నొక్కులు. 'చాప'లోది దంత్య చ (నాలుక పళ్ల దగ్గర), 'చేప'లోది తాలవ్య చ (నాలుక అంగిలి దగ్గర). రెంటికీ ఒకే గుర్తు వేశావో, కోస్తా యాస రాసి లాభం లేదు. తకారం కింద దంత్య గుర్తు మాత్రం ప్రతిసారీ పెట్టకు, పీఠికలో ఒక్క వాక్యం రాస్తే సరి.

ఇక పనిముట్టు. విండోస్‌లో ఆటోహాట్‌కీ రెండో వెర్షన్ చాలు, నువ్వు కొట్టిన అక్షరాన్ని నీకు కావలసిన గుర్తుగా మార్చే ప్రోగ్రాము అది. ఒక్కో గుర్తుకు ఒక్కో లైను: కోలన్, *, ?, పెద్ద సీ, కోలన్, పెద్ద టీ, రెండు కోలన్లు, ఆపైన ట గుర్తు. * పెట్టకపోతే స్పేస్ కొట్టేదాకా మారదు. ? లేకపోతే మాట మధ్యలో పని చెయ్యదు. సీ మరిచిపోతే చిన్న టీ కూడా ట అయిపోతుంది, త రాయడానికి దారే ఉండదు. గుర్తు ఎక్కడ దొరుకుతుందంటావా? వర్డ్‌లో కొత్త లైనులో దాని యూనికోడ్ నంబరు 0288 కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కు, ట వస్తుంది. 0256 డ, 0273 ణ. ఈ లైన్లున్న ఫైలును యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే సేవ్ చెయ్. పాత ఆన్సీ ఎన్‌కోడింగ్‌లో చేస్తే గుర్తులన్నీ ప్రశ్నార్థకాలవుతాయి.

అందరూ బోల్తా పడేది ఠ దగ్గర. పెద్ద టీకి ట, పెద్ద టీ-హెచ్‌కి ఠ అని రెండు లైన్లు రాస్తారు. టీ కొట్టగానే ట పడిపోతుంది, రెండో లైను ఎప్పటికీ అందదు. అందుకే మహాప్రాణ గుర్తును (02బీ0) విడిగా పెద్ద హెచ్‌కి ఇవ్వు. ట, ఆపైన పెద్ద హెచ్, ఠ తయారు. ఏ సంకేతమూ ఇంకోదానికి మొదటి ముక్క కాకూడదు.

మామూలు ఇంగ్లీషు రాయాలంటే ఇదంతా ఆపాలి కదా, ఎఫ్8 మీటకి సస్పెండ్ (తాత్కాలికంగా ఆపే ఆదేశం) పెట్టుకో. దాని పైన, ఆపినా ఈ మీట పనిచెయ్యాలని చెప్పే సస్పెండ్-ఎగ్జెంప్ట్ లైను లేకపోతే ఆ ఎఫ్8 కూడా నిద్రపోతుంది, మళ్లీ లేవదు. వర్డ్‌లో వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దది చేసే ఆటోకరెక్ట్ తీసెయ్.

కంటికి ఒకేలా కనిపించే గుర్తులు కొన్ని వెతుకులాటలో మోసం చేస్తాయి. ఐపీఏలో గ 0261, కీబోర్డు మీద జీ 0067. అందుకే జీకి కూడా ఒక లైను రాయి. దీర్ఘ గుర్తు 02డీ0, అది కోలన్ కాదు. అనుమానమొస్తే గుర్తుకు కుడిపక్కన కర్సరు పెట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కు, నంబరు బయటపడుతుంది.

ఫాంటు ఐపీఏ గుర్తులున్న చారిస్ గానీ డౌలోస్ గానీ పెట్టు. బెజవాడలో డీటీపీకి ఇచ్చేముందు పేజీలు కూర్చేది పేజ్‌మేకర్‌లోనా, ఇన్‌డిజైన్‌లోనా అని అడుగు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, అను ఫాంట్లతో అందులో తెలుగు నడుస్తుంది గానీ నీ గుర్తులు నిలవవు. ఇన్‌డిజైన్ లేదంటే ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ నువ్వే ఇచ్చేసి, ప్రూఫులో ముందు ళ, ణ ఉన్న మాటలు చూసుకో.

ఇట్లు,
బాబాయి